సాయంత్రం కాఫీ బదులు ధనియాల లాటే: పాలు విరగకుండా, జిగట కట్టకుండా

ప్రశ్న: నాకు నలభై రెండేళ్లు. సాయంత్రం ఐదున్నరకి ఒక గ్లాసు ఫిల్టర్ కాఫీ తాగడం ఎప్పటి నుంచో అలవాటు. ఈమధ్య రాత్రి ఒంటిగంటైనా నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ మానేయమని డాక్టరు గారు చెప్పారు. పాలు కూడా నాకు పడవు, తాగిన కాసేపటికే కడుపు ఉబ్బరం. అందుకని ఇంట్లోనే హెర్బల్ లాటే, అంటే కాఫీ పొడి బదులు దినుసుల డికాక్షన్‌లో పాలు కలిపి తాగేది, చేసుకుందామని మొదలుపెట్టాను. ఓట్స్ పాలతో చేస్తే జిగట కట్టేసింది. కొబ్బరిపాలలో అల్లం, బెల్లం వేసి మరిగిస్తే విరిగిపోయింది. ఆన్‌లైన్‌లో ఒక లాటే పొడి తెప్పించాను, రుచీ లేదు, గొంతులో పొడి పొడిగా అడ్డుపడింది. మా ఆయనేమో "కషాయం తాగి కాఫీ అనుకో" అంటున్నారు. నేను ఉదయం థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను. మా అత్తగారికి బీపీ ఉంది. పిల్లలకి ఎనిమిదేళ్లు, పన్నెండేళ్లు. ఇంట్లో అందరూ తాగగలిగేది, కాఫీ తాగిన తృప్తి ఇచ్చేది ఏదైనా ఉందా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

సమాధానం: ఉందండీ. మీ వారి మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి, గ్లాసు చేతికిచ్చాక ఆయనే చెప్తారు.

మీరు వాడిన సరుకుల్లో పెద్ద తప్పేమీ లేదు, చేసిన పద్ధతిలోనే చిక్కంతా ఉంది. అన్నీ ఒకే గిన్నెలో వేసి పాలతో కలిపి మరిగించారు. ఇది మనం టీ పెట్టుకునే అలవాటు, గేదె పాలు ఎంత మరిగినా తట్టుకుంటాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది. కొబ్బరిపాలు, గింజల పాలు అలా తట్టుకోవు. వీటికి సరిపోయే పద్ధతి మీకు ముందే తెలుసు, రోజూ ఉదయం చేస్తున్నదే. ఫిల్టర్ కాఫీకి డికాక్షన్ ఒక పక్క దిగుతుంది, పాలు ఇంకో పక్క కాగుతాయి, రెండూ గ్లాసులోనే కలుస్తాయి. హెర్బల్ లాటేకి కూడా అంతే. దినుసులు ఏవైనా నీళ్లలో చిక్కగా మరగాలి, పాలు వేరే గిన్నెలో వేడెక్కాలి, పొయ్యి కట్టేశాకే రెండూ కలవాలి. మిగతా చిట్కాలన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే మీ సాయంత్రం గ్లాసు కుదురుతుంది.

మీ కొబ్బరిపాలు ఎందుకు విరిగాయో చెప్తాను. కొబ్బరిపాలలో కొవ్వు ఎక్కువ, దాన్ని నీళ్లలో విడిపోకుండా పట్టి ఉంచే మాంసకృత్తులు కొంచెమే. గట్టిగా మరిగితే ఆ పట్టు వదిలేసి నూనె పైకి తేలుతుంది. అందుకే కూరల్లో కూడా మొదటి పాలు చివర్లో పోసి వెంటనే దించేస్తాం. దానికి తోడు మీరు పచ్చి అల్లం వేశారు. పచ్చి అల్లంలో మాంసకృత్తులను తెగ్గొట్టే ఒక ఎంజైమ్ ఉంటుంది. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ వాళ్లు వేడి గేదె పాలను అల్లం రసంలో పోసి, అలాగే తోడుకోనిచ్చి, తియ్యటి వంటకం ఒకటి చేసుకుంటారు. వాళ్లు కావాలని చేసే పని మీ గిన్నెలో మీకు అక్కర్లేకుండా జరిగింది. అల్లాన్ని ముందు నీళ్లలో బాగా మరిగిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు మాత్రం అలాగే ఉంటుంది. ఇక బెల్లం. బెల్లంలో కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, పాలు పొయ్యి మీద ఉండగా వేస్తే ఏ పాలైనా విరిగే ప్రమాదం ఉంది. పరమాన్నం వండేటప్పుడు దించి కాస్త చల్లారాకే బెల్లం కలుపుతారు కదా, ఇక్కడా అంతే. కొవ్వు విడిపోయేంత మంట, పచ్చి అల్లం, వేడి మీద బెల్లం, మూడూ ఒకేసారి కలిశాయి మీకు. విరక్కపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఓట్స్ సంగతి వేరు. ఓట్స్‌లో పిండిపదార్థం, దాంతోపాటు బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటాయి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పినా, గుడ్డలో వేసి గట్టిగా పిండినా ఆ జిగురంతా పాలలోకి దిగుతుంది. పైన వేడి చేస్తే పిండి ఉడికి చిక్కబడుతుంది, అంటే పాలు కాస్తా జావ అయిపోతాయి. మరి కొట్లో కొన్న ఓట్ పాలు ఎందుకు అలా అవ్వవంటే, వాటి తయారీలో ఎంజైమ్ కలిపి పిండిపదార్థాన్ని ముందే చక్కెరలుగా విడగొడతారు. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 1990ల్లో ఈ పద్ధతి కనిపెట్టారు. పంచదార కలపకపోయినా ఆ పాలు తియ్యగా ఉండేది అందుకే. మనకిది కొత్తేమీ కాదు. రాగుల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టిస్తే ఆ మాల్ట్ జావ మామూలు రాగి జావ కంటే పల్చగా, కాస్త తియ్యగా ఉంటుంది కదా, అక్కడ ఆ ఎంజైమ్‌ని మొలకే తయారుచేస్తుంది. కాబట్టి ఇంట్లో తీసిన ఓట్ పాలు వేడి లాటేకి వద్దు. చల్లటి డ్రింక్‌కి అయితే వాడుకోండి, చల్లటి నీళ్లు పోసి, మిక్సీ అరనిమిషం లోపే ఆపి, పిండకుండా దానంతట అది కారనివ్వండి.

డాక్టరు గారు మధ్యాహ్నంతో ఆపేయమనడానికి గట్టి కారణమే ఉంది. కాఫీ, టీల్లో ఉండి నిద్ర రానివ్వని కెఫీన్ ఒంట్లోకి వెళ్లాక సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. ఐదున్నరకి తాగిన కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదిన్నరకి కూడా మీ ఒంట్లో ఉన్నట్టే. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం 150 మి.లీ. డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా., ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65 మి.గ్రా., టీలో 30 నుంచి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, రోజు మొత్తం మీద 300 మి.గ్రా. దాటకూడదు. ఉదయం కాఫీ జోలికి నేను రాను, అది హాయిగా తాగండి. కెఫీన్ తీసేసిన డీకాఫ్ కాఫీ కొనుక్కుంటే సరిపోదా అంటారేమో, అందులో కూడా కొద్దిగా కెఫీన్ మిగిలే ఉంటుంది. నిద్ర ఇంతగా చెడిన మనిషికి సాయంత్రం పూట అసలు లేనిదే మంచిదని నా అభిప్రాయం.

ఇక అసలు పనికి వద్దాం. కాఫీ మానేసినవాళ్ల నాలుక వెతుక్కునేది ముఖ్యంగా చేదునీ, మాడీ మాడని ఆ కాల్చిన రుచినీ. తులసి, పుదీనా, నిమ్మగడ్డి ఎన్ని వేసినా ఆ లోటు తీరదు, అందుకే రెండు రోజులు తాగి మళ్లీ కాఫీ డబ్బా మూత తీస్తారు. ఆ చేదు మన వంటింట్లో ధనియాల్లోనే దొరుకుతుంది, కాకపోతే వాటిని మనం మామూలుగా వేయించే దానికంటే చాలా ముందుకు తీసుకెళ్లాలి.

అడుగు మందంగా ఉన్న మూకుడు తీసుకుని, నూనె చుక్క లేకుండా, అర కప్పు ధనియాలు సన్న సెగ మీద వేయించండి. మొదట్లో నిమ్మతొక్కని తలపించే పచ్చి వాసన వస్తుంది. తర్వాత గింజలు చిటపటమంటూ కమ్మటి వాసన వస్తుంది, సాంబారు పొడికైతే అక్కడ దించేస్తాం. మీరు దించకండి. గరిటె ఆపకుండా కలుపుతూ ఉండండి. గింజ మీద నిలువుగా ఉండే గీతలు ముందు నల్లబడతాయి, ఆ తర్వాత గింజంతా ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది, సన్నగా పొగ లేస్తుంది, కమ్మదనం తగ్గి కాల్చిన వాసన పైకి వస్తుంది. అప్పుడు రెండు గింజలు తీసి కొంచెం ఆరనిచ్చి కొరికి చూడండి. కరకరమని విరిగి నాలుక చివర చేదు తగిలితే సరిగ్గా వచ్చినట్టు. బొగ్గు నమిలినట్టుంటే దాటిపోయినట్టు. వెంటనే పళ్లెంలోకి తీసేయండి, పొయ్యి కట్టేసినా మూకుడు వేడికి అవి మాడుతూనే ఉంటాయి. ఈ ఘట్టంలో ఫోన్ మోగినా ఎత్తొద్దు, మంచి రంగుకీ మాడిన రంగుకీ మధ్య అరనిమిషమే తేడా.

చల్లారాక రెండంగుళాల శొంఠి కొమ్ము, పావు స్పూను మిరియాలు, నాలుగు యాలకులు చేర్చి పొడి కొట్టుకోవాలి. శొంఠిని మాత్రం ముందు రోట్లో వేసి నలగ్గొట్టండి, కొమ్ము కొమ్ముగా మిక్సీలో వేస్తే బ్లేడు పాడవుతుంది. పొడి మెత్తగా వద్దు, బొంబాయి రవ్వ కంటే కొంచెం సన్నంగా ఉంటే చాలు. మీరు తెప్పించిన పొడి గొంతులో అడ్డుపడిందన్నారు కదా, మెత్తటి పొడిని వడకట్టకుండా నేరుగా పాలలో కలిపితే ఏ పొడైనా అలాగే ఉంటుంది. రవ్వగా ఉంటే రుచి నీళ్లలోకి దిగుతుంది, పిప్పి జాలీలో ఆగిపోతుంది. గాలి చొరబడని సీసాలో పెట్టుకుంటే నెల రోజులు వాసన పోదు, అంతకంటే ఎక్కువ ఒకేసారి చేసిపెట్టుకోకండి.

ఇంకొంచెం కాఫీ రుచి కావాలంటే ఇందులో చికోరీ కలపండి. చికోరీ అంటే కాఫీలో కల్తీ అని మనకో చెడ్డ అభిప్రాయం ఉంది, నాకైతే అది అన్యాయం అనిపిస్తుంది. అదొక మొక్క వేరు, ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు, మన దేశంలో గుజరాత్‌లోని జామ్‌నగర్, ఉత్తరప్రదేశ్‌లోని ఎటా అనే జిల్లా ప్రాంతాల్లో పండుతుంది, కెఫీన్ అసలుండదు. మన చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతం కంటే తగ్గకూడదు, అంటే దాదాపు సగం దాకా చికోరీ ఉండొచ్చు. మీ ఇంట్లో ఉన్న కాఫీ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, ఎంత శాతమో రాసి ఉంటుంది. ఇన్నేళ్లుగా మీ నాలుకకి కాఫీ రుచిగా అలవాటైన దాంట్లో ఎంతో కొంత చికోరీదే అయ్యుండొచ్చు. ఒట్టి చికోరీ పొడి విడిగా ఆన్‌లైన్‌లోనూ, కాఫీ పొడి పట్టే కొట్లలోనూ దొరుకుతుంది. కానీ మీకొక హెచ్చరిక. చికోరీలో ఇన్యులిన్ అనే పీచు ఎక్కువ, కొందరికి దానితో గ్యాస్ పడుతుంది. మీకు అసలే ఉబ్బరం కాబట్టి మొదటి వారం చికోరీ లేకుండా తాగండి, తర్వాత గ్లాసుకి పావు స్పూనుతో మొదలుపెట్టి పడుతుందో లేదో చూసుకోండి. ఒట్టి చికోరీని ఫిల్టర్‌లో వేయకండి, ఉబ్బి రంధ్రాలు మూసుకుపోయి నీళ్లు దిగవు. గిన్నెలో మరిగించడమే నయం.

డికాక్షన్‌కి ఇద్దరికి సరిపడా ఒక గ్లాసు నీళ్లు పెట్టి, మరగడం మొదలయ్యాక రెండు స్పూన్ల పొడి వేసి, ఆరేడు నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి. నీళ్లు ముప్పావు గ్లాసుకి దిగాలి. కట్టేసి మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే పిప్పి అడుగుకి చేరుతుంది, పైనుంచి మెల్లగా టీ జాలీలోకి వంపండి. ఒట్టిగా ఒక చుక్క రుచి చూస్తే 'అబ్బో, ఘాటు' అనిపించాలి. పాలు కలిశాక అది సరిపోతుంది. ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు, తాగడానికి సరిపడేంత పల్చగా డికాక్షన్ తీస్తారు, పాలు పోశాక అది రుచీ పచీ లేకుండా పోతుంది.

పాల విషయానికొస్తే మీకు నేను జీడిపప్పు పాలే చెప్తాను. పలాస జీడిపప్పు గుండు గుండుగా ఉన్నదే అక్కర్లేదు, బద్దలు, ముక్కలు చాలు, అవైతే బాగా చవక. పది పన్నెండు గింజలకి సరిపడా ముక్కల్ని వేడి నీళ్లలో అరగంట నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. మిక్సీలో ముందు రెండు మూడు స్పూన్ల నీళ్లే పోసి వెన్నలాంటి ముద్ద అయ్యేదాకా తిప్పండి, ఆ తర్వాతే గ్లాసు నీళ్లు పోసి మళ్లీ తిప్పండి. మొదటే నీళ్లన్నీ పోస్తే ముక్కలు బ్లేడు చుట్టూ ఈదుతూ ఉంటాయి, నలగవు. ఇలా చేస్తే వడకట్టే పని కూడా ఉండదు. ఈ పాలను గిన్నెలో పోసి కలుపుతూ వేడి చేయండి, అంచుల్లో చిన్న బుడగలు కనపడగానే కట్టేయాలి. జీడిపప్పులోనూ కొంత పిండిపదార్థం ఉంటుంది కాబట్టి మరిగిస్తే గ్రేవీలా చిక్కబడుతుంది. కాస్త చిక్కదనం మాత్రం మనకి కావాల్సిందే, కాఫీలో చిక్కటి పాలకి అలవాటు పడ్డవాళ్లకి ఇది హాయిగా ఉంటుంది. ఒకవేళ జీడిపప్పు కూడా మీ కడుపుకి పడకపోతే బాదం పాలకి మారండి, రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి పల్చటి నూలు గుడ్డలో వడకట్టాలి. బాదం పాలు జీడిపప్పు పాల కంటే పల్చగా ఉంటాయి, ఎక్కువ వేడికి త్వరగా ముక్కలవుతాయి, ఇంకా జాగ్రత్త కావాలి. కొబ్బరిపాలు ఇష్టమైతే రెండో పాలతో వేడి చేసి, మొదటి పాలు రెండు స్పూన్లు చివర్లో పైన వేసుకోండి. ధనియాల చేదుకి కొబ్బరి బాగా అతుకుతుంది, నిజం చెప్పాలంటే నాకు అదే ఎక్కువ ఇష్టం, కానీ రోజూ కొబ్బరి కోరడం మీకు వీలవుతుందా అన్నది ప్రశ్న.

సోయా పాలు కొనుక్కునేవే వాడండి. ఇంట్లో చేస్తే నానిన సోయా గింజల్ని రుబ్బి తీసిన పాలను కనీసం పావుగంట ఉడికించి తీరాలి, పచ్చిగా ఉంటే అరగవు, పచ్చి వాసన కూడా పోదు. ఇంకో సంగతి, కొట్లో ప్యాకెట్ల మీద సోయా మిల్క్, ఆల్మండ్ మిల్క్ అని వెతికితే దొరకకపోవచ్చు. మొక్కల నుంచి తీసిన వాటిని పాలు అని రాసి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన, అందుకని బేవరేజ్ అనో, డ్రింక్ అనో ఉంటుంది. పంచదార కలపనిది చూసి తీసుకోండి. బరిస్టా అని రాసి ఉన్న ప్యాకెట్లు వేడి డికాక్షన్‌లో విరగకుండా ఉండేలా తయారుచేస్తారు, వాటిలో నూనె, ఆమ్లాన్ని అదుపు చేసే లవణాలు కలుపుతారు. ఎప్పుడైనా చుట్టాలు వచ్చినప్పుడు వాడుకోవడానికి బాగుంటాయి, రోజువారీకి ఇంటి జీడిపప్పు పాలే చాలు.

కలిపే పని తేలిక. డికాక్షన్, పాలు రెండూ ఇంచుమించు ఒకే వేడి మీద ఉండాలి, చల్లటి పాలలో మరుగుతున్న డికాక్షన్ ఒక్కసారిగా కుమ్మరిస్తే సోయా, బాదం పాలు తునకలవుతాయి. రెండు వంతుల డికాక్షన్‌కి మూడు వంతుల పాలు, డికాక్షన్‌ని సన్నటి ధారగా పోయాలి. బెల్లమో, తాటి బెల్లమో పొడి చేసి గ్లాసులోనే వేసుకోండి, తాటి బెల్లం ఈ కాల్చిన రుచికి ఎంతో బాగుంటుంది. నురగ కోసం మిషన్లు కొనక్కర్లేదు. గ్లాసు, డవరా ఉన్నాయిగా, మీ చెయ్యి ఎంత ఎత్తు లేస్తే అంత ఎత్తు నుంచి నాలుగైదుసార్లు పోస్తే చాలు. జీడిపప్పు పాల నురగ కాఫీ నురగలా నిలబడదు, రెండు నిమిషాల్లో దిగిపోతుంది, అది తెలిసి మొదలుపెట్టండి. నురగే ముఖ్యమనుకుంటే సోయా పాలు మేలు, వాటిలో మాంసకృత్తులు ఎక్కువ. వేడి లాటేని మాత్రం మిక్సీ జార్‌లో మూత బిగించి తిప్పకండి, ఆవిరికి మూత ఎగిరి మీద పడుతుంది.

మధ్యమధ్యలో మార్పు కావాలంటే రూయిబోస్ ఉంది. దక్షిణాఫ్రికా పశ్చిమ కేప్‌లోని సెడర్‌బర్గ్ కొండల్లో పెరిగే పొద ఆకు, తేయాకుతో సంబంధం లేదు, కెఫీన్ పుట్టుకతోనే లేదు. వాళ్లు పాలు, పంచదార కలిపి మన టీలాగే తాగుతారు. ఐదారు నిమిషాలు మరిగినా వగరెక్కదు, కాబట్టి యాలకులు, శొంఠి వేసి చాయ్ చేసుకోవచ్చు. దిగుమతి సరుకు కాబట్టి ధర ఎక్కువే, టీ బాగా ఇష్టమైతేనే కొనండి. మందార పువ్వు, నిమ్మరసం పడే హెర్బల్ టీలు మాత్రం పాలతో కలపొద్దు, వాటి పులుపుకి ఏ పాలూ నిలవవు.

కెఫీన్ లేదనుకుని తెచ్చుకునే వాటిలోనూ అది దాక్కుని ఉంటుంది, ఇది నాకు బాగా బాధ కలిగించే విషయం. తులసి పేరుతో అమ్మే చాలా ప్యాకెట్లలో గ్రీన్ టీ ఆకు కలిసి ఉంటుంది, గ్రీన్ టీ అంటే తేయాకే. మాచా లాటే కూడా తేయాకే, మొత్తం ఆకుని పొడి చేసి తాగడం. కోకోలో కూడా కొద్దిగా కెఫీన్ ఉంటుంది, కాబట్టి రాత్రి పడుకునే ముందు హాట్ చాక్లెట్ మీలాంటి వాళ్లకి సరిపడదు. ముందు వైపు బొమ్మలు, పెద్ద అక్షరాలు కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చదవండి.

మీరు తెప్పించిన ఆ లాటే పొడి డబ్బా ఇంకా ఉంటే ఇప్పుడే వెనక్కి తిప్పి చూడండి. అందులో అశ్వగంధ ఉంటే మీరు తాగొద్దు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్ల స్థాయిని పెంచే అవకాశం ఉంది, మాత్ర వేసుకుంటున్న మీ మోతాదు లెక్క తప్పుతుంది, మీ డాక్టరు గారిని అడక్కుండా దాన్ని ముట్టుకోకండి. అతిమధురం ఉంటే మీ అత్తగారికి ఇవ్వొద్దు. అది నాలుకకి తియ్యగా ఉంటుంది కాబట్టి పంచదార లేని పొడుల్లో ఎక్కువగా వేస్తారు, కానీ రోజూ తీసుకుంటే బీపీ పెంచుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గిస్తుంది. యష్టిమధు అనీ, ములేఠీ అనీ, లికోరైస్ అనీ ఏ పేరుతో రాసినా అదే. నేను పైన చెప్పిన ధనియాల పొడిలో ఈ రెండూ లేవు. ఆవిడ నిరభ్యంతరంగా తాగొచ్చు. జాజికాయ నిద్రకి మంచిదని పెద్దవాళ్లు చెప్తారు, వాసనకి గీకి చిటికెడు వేసుకుంటే ఫర్వాలేదు, అంతకు మించి వద్దు, ఎక్కువైతే వాంతులు, గుండె దడ, మత్తు వస్తాయి.

థైరాయిడ్ మాత్ర ఎలాగూ ఉదయమే వేసుకుంటున్నారు కాబట్టి సాయంత్రం సోయా పాలతో ఇబ్బంది లేదు, సోయాకీ మాత్రకీ కనీసం నాలుగు గంటల ఎడం ఉంటే చాలు. నాకు అనుమానం వేరే చోట ఉంది. మాత్ర వేసుకున్న వెంటనే ఉదయం కాఫీ తాగుతున్నారా? అలా అయితే మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. అరగంట నుంచి గంట ఆగి తాగండి.

పసుపు గురించి మీరు అడగలేదు కానీ ఎలాగూ ఎవరో ఒకరు గోల్డెన్ లాటే తాగమని చెప్పే ఉంటారు. రుచికి తాగండి, బాగుంటుంది. అర స్పూను కొబ్బరినూనెలో పావు స్పూను పసుపు, చిటికెడు మిరియాల పొడి పది సెకన్లు వేయించి నీళ్లు పోస్తే పచ్చి వాసన రాదు. మిరియాలు ఎందుకంటే, 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు చేసిన అధ్యయనంలో మిరియాల్లోని పైపరిన్ వల్ల పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరింది. అయితే వాళ్లు ఇచ్చింది 2 గ్రాముల కర్క్యుమిన్, మన పావు స్పూను పసుపులో ఉండేది 20 మి.గ్రా. అటూ ఇటూ. అందుకని జబ్బులు నయమవుతాయని ఆశ పెట్టుకోకండి. దుగ్గిరాల, నిజామాబాద్ కొమ్ములు తెచ్చి పట్టించుకుంటే రంగు కలిపిన పొడి బెడద తప్పుతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు రోజూ తాగే ముందు డాక్టరుని అడగాలి.

పిల్లలకి ఈ లాటే ఇవ్వొచ్చు, జీడిపప్పు, బాదం వంటివి పడని పిల్లలైతే తప్ప. శొంఠి తగ్గించి, చికోరీ లేకుండా, డికాక్షన్ సగమే పోయండి. అయితే వాళ్లు తాగే పాలు మానిపించి ఇది మాత్రం ఇవ్వకండి. పది జీడిపప్పులతో తీసిన పాలలో మాంసకృత్తులు రెండు మూడు గ్రాములు దాటవు, గ్లాసు ఆవుపాలలో ఆరేడు గ్రాములుంటాయి, క్యాల్షియం అయితే జీడిపప్పు పాలలో దాదాపు లేనట్టే. ఈ మాట మీకు కూడా వర్తిస్తుంది. పాలు పడకపోయినా పెరుగు చాలామందికి పడుతుంది, ఒక కప్పుతో చూడండి. రాగులు, పొట్టు తీయని నువ్వులు వారంలో నాలుగైదు రోజులైనా ఇంట్లో తిరగాలి. చిన్నవాడికి సాయంత్రం ఏదో ఒకటి వేడిగా కావాలంటే మొలకెత్తిన రాగి పిండి ఒక స్పూను జీడిపప్పు పాలలో ఉడికించి, యాలకుల పొడి, చివర్లో బెల్లం వేసి ఇవ్వండి, వాడికి అదే లాటే.

తీసిన గింజల పాలు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, కొబ్బరిపాలు ఒక్క రోజు. అడుగున తేరుకుంటే పాడైనట్టు కాదు, కలిపి వాడండి. పుల్లటి వాసన వస్తే పారబోయండి. వడకట్టిన ధనియాల డికాక్షన్ కూడా ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజున వేడి చేసుకుని పాలు కలుపుకుంటే సరిపోతుంది. ఆదివారం ధనియాలు వేయించి చూడండి, చేదు ఎక్కువైతే తర్వాతిసారి కాస్త ముందే దించండి. మీ ఇంటి నాలుకలకి ఎంత రంగు సరిపడిందో రాయండి.